అక్క, అక్క, తమ్ముడు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గౌరమ్మ అని ఒక అమ్మమ్మ ఉండేది. నాకంటే ముసలిదిలే. తుంగ కోసి, ఎండబెట్టి, పోచలకి రంగులేసి చాపలు నేసేది. ఆవిడ చాప మీద పడుకుంటే ఒళ్ళు తెలియని నిద్ర పట్టేదట. నీకూ ఒకటి ఉంటే బాగుండు, ఆ కాళ్ళు ఆడించడం మానేదానివి.

కొన్నాళ్ళకి గౌరమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనపడేవి. ఇప్పుడే ఏ పోచ వేసిందో ఇప్పుడే మరిచిపోయేది కూడా. దాంతో ఒక చాపలో రంగులన్నీ కలగాపులగం అయిపోయాయి.

అప్పుడు ఆ చాప కొన్న సుభద్రమ్మగారు వచ్చింది. "మా మనవడి బారసాలకి చాప కావాలి. రెండు ఎరుపులు, ఒక ఆకుపచ్చ, చివరిదాకా అదే వరస. ఈసారీ తప్పితే ఇంక నిన్ను అడగను గౌరమ్మా, ఏమీ అనుకోకు" అంది.

చెయ్యి ఆడినన్నాళ్ళూ నేస్తూనే ఉండాలని గౌరమ్మ ఆశ. పని మానేసి గోడకి చేరగిలబడి కూచోవడమంటే ఆవిడకి చచ్చేంత భయం.

అప్పుడు ఐదేళ్ళ మనవరాలు నూకాలుని పిలిచి, "నువ్వు పోచలు అందించవే, నేను నేస్తాను" అంది. నూకాలుకి ఎరుపంటే ప్రాణం. ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఎరుపు, అలా అందిస్తూనే ఉంది. పొలం నుంచి వచ్చిన వాళ్ళమ్మ చూసి నోరు నొక్కుకుంది. నేసిందంతా విప్పారు.

ఆ తర్వాత రెండోసారి మొదలెట్టారు. ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. బాగానే సాగింది. ఇంతలో కోడిపిల్లలు వచ్చాయి. నూకాలు వాటి వెనకాల ఒక చుట్టు తిరిగొచ్చి, ఎక్కడ ఆపిందో తెలీక మళ్ళీ ఎరుపు నుంచి మొదలెట్టింది. నువ్వు నవ్వకు. అన్నం మధ్యలో పిల్లిని చూసి లేచిపోయేది ఎవరో నాకు తెలీదూ? సరే, మళ్ళీ విప్పారు.

నూకాలు ఏడుపు మొహం పెట్టి, "నాకు వరస రాదు అమ్మమ్మా" అంది.

"రాకపోవడమేంటే. మీ తమ్ముడు మీ అక్కనీ నిన్నూ ఏమని పిలుస్తాడు?"

"ఇద్దర్నీ అక్కా అనే."

"మరి అదే వరస. ఎరుపు ఒక అక్క, ఇంకో ఎరుపు ఇంకో అక్క, ఆకుపచ్చ తమ్ముడు. వాళ్ళ పక్కన మళ్ళీ అక్క, అక్క, తమ్ముడు పడుకుంటారు. చాప నిండేదాకా అంతే."

"మధ్యలో మరిచిపోతే?"

"చివర ఎవరు పడుకున్నారో చూసుకో."

ఆ తర్వాత మూడోసారి కూచున్నారు. కోడిపిల్లలు మళ్ళీ వచ్చాయి. నూకాలు మళ్ళీ వెళ్ళింది, పసిపిల్ల కదా. తిరిగొచ్చి చూస్తే చివర ఒక అక్క ఉంది. ఆ అక్కకి ముందు తమ్ముడున్నాడు. అంటే ఇంకా ఒక్క అక్కే వచ్చింది. మరి ఇప్పుడు ఎవరు రావాలి? చెప్పు చూద్దాం. ఆ, ఇంకో అక్క. ఆ తర్వాతే తమ్ముడు. నూకాలూ అలాగే అందించింది.

బారసాల నాడు సుభద్రమ్మగారు చాప పరిచి, వంగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. గౌరమ్మ నూకాలుని వెంటబెట్టుకుని పక్కనే నిలబడింది. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు సుభద్రమ్మగారు మనవణ్ణి తెచ్చి చాప మీద పడుకోబెట్టి, "ఎంత బాగా నేశావు గౌరమ్మా" అంది.

గౌరమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. తడుముకుంటూ నూకాలు చెయ్యి పట్టుకుని ముందుకి లాగి, "నేశాను కాదమ్మా, నేశాం" అంది.

నడిచి నడిచి కథ కంచికి,
తిరిగి తిరిగి మనం ఇంటికి,
మెల్లమెల్లగా నిద్ర నీ కంటికి.