తబితమ్మ రాయనన్న మాట

అనగనగా ఏడు సముద్రాలకు అవతల, అడవి కొట్టి కొత్తగా పొలాలు చేసుకుంటున్న ఒక ఊళ్ళో, తబితమ్మ అని ఒకావిడ ఉండేది. దుప్పటి తన్నకు తల్లీ, కప్పుకుని విను.

ఆవిడ క్వేకర్ల పిల్ల. క్వేకర్లంటే అదొక రకం భక్తులు. ముదురు బూడిదరంగు బట్టలే వేసుకునేవారు. రాజైనా కూలివాడైనా అందరినీ నువ్వనే పిలిచేవారు. ఆదివారం సభలో బల్లల మీద కూర్చుని, దేవుడు ఎవరిచేత పలికిస్తే వాళ్ళే పలికేవారు. ఎవరిచేతా పలికించకపోతే పూటంతా మౌనమే. అన్నిటికన్నా ముఖ్యం, అబద్ధం ఆడకూడదు. ఒట్టు కూడా పెట్టేవారు కాదు. ఆడే మాటే నిజమైనప్పుడు మళ్ళీ ఒట్టెందుకు అనేవారు.

ఇరవయ్యో ఏట తబితమ్మ బుద్ధి ఎక్కడికి పోయిందో గానీ, ఎవరికీ చెప్పకుండా క్వేకరు కాని బార్నబీ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. వాళ్ళలో అది కట్టుబాటు తప్పడమే. అప్పుడు పెద్దవాళ్ళు సభ పుస్తకంలో ఆవిడ పేరు కొట్టేశారు. ఆదివారం వచ్చి వెనక బల్ల మీద కూర్చోవచ్చు గానీ, ముందు బల్ల మీద అమ్మ పక్కన చోటు లేదు. ఆడవాళ్ళంతా తమ మంచిచెడ్డలు మాట్లాడుకునే వేళకు లేచి బయటికి పోవాలి. అప్పుడు మంచులో నిలబడి కిటికీలోంచి అమ్మ కేసి చూస్తూ ఉండేది.

దీనికి విరుగుడు ఉంది. "ఆ పెళ్ళి చేసుకున్నందుకు పశ్చాత్తాపపడుతున్నాను" అని ఒక కాగితం రాసిస్తే చాలు, పేరు మళ్ళీ ఎక్కిస్తారు. మొగుణ్ణి వదిలెయ్యక్కర్లేదు. ఒక్క ముక్క రాస్తే అమ్మ పక్కన కూర్చోవచ్చు.

ఇంక ఆ బార్నబీ సంగతి చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతుంది. మంచివాడే. మంచివాడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. దొడ్డి తలుపు వెయ్యడు, పందులొచ్చి మొక్కజొన్న మేసిపోతాయి. గొడ్డలి ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. సరిగ్గా మబ్బు పట్టిన రోజు చూసుకుని గడ్డి కోస్తాడు. మీ తాతయ్యను చూశావుగా, అదే బాపతు. తబితమ్మ పొద్దస్తమానం ఆయన చేసిన పని మళ్ళీ చేసుకుంటూ, ఈ మనిషిని ఎందుకు కట్టుకున్నానా అని రోజుకొకసారైనా అనుకునేది.

పెళ్ళయిన ఏడాదికి సభ తరఫున ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఫీబీ, తబితమ్మకన్నా మూడేళ్ళు పెద్ద. అప్పుడు తబితమ్మ పెరట్లో బూడిదనీళ్ళూ కొవ్వూ కలిపి ఏడాదికి సరిపడా సబ్బు కాస్తోంది. వచ్చినవాళ్ళు విషయం చెప్పిపోవచ్చు కదా? చెప్పరు. ముందు మౌనంగా కూర్చోవాలి. వాళ్ళు కూర్చున్నారు కాబట్టి తబితమ్మా కూర్చుంది. కూర్చునుండగానే పెరట్లో సబ్బంతా పొంగిపోయి, పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు ఫీబీ నోరు విప్పి, "ఆ ఒక్క ముక్కా రాసివ్వు తబితా" అంది.

"మీకు చెప్పకుండా చేసుకున్నందుకు బాధగా ఉంది, అది రాస్తాను. చేసుకున్నందుకు బాధ లేదు. లేనిది ఉందని ఎలా రాయను?" అంది తబితమ్మ.

అది చాలదని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత బార్నబీ పొలం నుంచి వచ్చి, ఇవాళ సబ్బు కాయలేదా అని అడిగాడు.

పదిహేనేళ్ళు గడిచాయి. నలుగురు పిల్లలు పుట్టారు. తబితమ్మ తల్లికి జబ్బు చేసింది. "నేను పోయేలోపు ఒక్క ఆదివారం నా పక్కన కూర్చోవే" అని ఆవిడ కూతురికి కబురు పెట్టింది.

సరిగ్గా ఆ వారమే బార్నబీ పాలిచ్చే ఆవును తోలుకెళ్ళి, ఒక గోడ గడియారానికి మార్చుకొచ్చాడు. అది నడవదు. బాగుచేస్తే నడుస్తుందట. తబితమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫీబీ, ఇంకొకావిడా మళ్ళీ వచ్చారు. మళ్ళీ మౌనంగా కూర్చున్నారు. తబితమ్మ ఇంక ఆగలేక, "కాగితం ఇటివ్వండి" అంది.

అప్పుడావిడకు నిజంగానే పశ్చాత్తాపంగా ఉంది, అందులో గోరంత అబద్ధం లేదు. కలం సిరాలో ముంచి, "తబిత అనే నేను" అని రాసింది.

అంతలో పెరట్లో నవ్వులు వినిపించాయి. బార్నబీ ఆ వచ్చినవాళ్ళ గుర్రాలకు నీళ్ళు పెడుతూ పిల్లలకు ఏదో కబురు చెప్తున్నాడు. తబితమ్మకు తన మీద తనకే విసుగొచ్చింది. ఆ కోపం ఎన్నాళ్ళుంటుందో ఆవిడకు తెలియదూ?

"ఇది ఇవాళ్టికి నిజమే. ఎల్లుండికి ఉండదు. ఎల్లుండికి ఉండని మాట పుస్తకానికి ఎలా ఇవ్వను?" అని కలం కింద పెట్టేసింది.

ఆ చలికాలంలోనే తల్లి పోయింది. ముందు బల్ల మీద ఆవిడ పక్క చోటు చివరిదాకా ఖాళీగానే ఉంది. తబితమ్మ వెనక బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎంత మొండిదాన్నో అని తనను తాను తిట్టుకుంది కూడా.

ఆ తర్వాత పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి పొలాలు వాళ్ళు చేసుకున్నారు. తబితమ్మ జుట్టు ముగ్గుబుట్టయింది. పెళ్ళయిన యాభై రెండో ఏట బార్నబీ కన్నుమూశాడు. ఇంటి వెనక ఆపిల్ తోటలో ఆయన్ని పూడ్చారు.

నాలుగు నెలలు పోయాక ఫీబీ కర్ర పట్టుకుని మూడోసారి వచ్చింది. ఈసారి ఎంతసేపు మౌనంగా కూర్చున్నా పొంగిపోయేది ఏమీ లేదు.

"తబితా, ఆయన లేడు, నువ్వు రాస్తే నొచ్చుకునేవాళ్ళు లేరు. మీ అమ్మ సమాధి పక్కన చోటు నీకిస్తారు. రాయవూ?"

"ఇల్లు శుభ్రంగా ఉంది ఫీబీ. ఎక్కడి వస్తువు అక్కడే ఉంటోంది. పొద్దున్న లేస్తే కోప్పడటానికి మనిషి లేడు. ఆయన నన్ను విసిగించని రోజు లేదు. కానీ ఆయన్ని చేసుకున్నందుకు వారం రోజులు వరసగా బాధపడింది కూడా లేదు. రాయలేను."

ఫీబీ లేచి వెళ్ళిపోయింది. ఆదివారం సభలో చాలాసేపు మౌనం. అప్పుడు ఫీబీ కర్ర ఊతగా లేచి నిలబడింది.

"మనం అబద్ధం ఆడం. మన మాటకు ఒట్టు కూడా అక్కర్లేదంటాం. అలాంటి మనం యాభై ఏళ్ళుగా ఒక మనిషి గుమ్మం ఎక్కి, అబద్ధం ఆడు, లోపలికి రానిస్తాం అంటున్నాం. అలా అడిగినదాన్ని నేనే" అంది.

వాళ్ళలో ఒక్కరు కాదన్నా పని జరగదు. ఆ రోజు ఎవరూ కాదనలేదు. తబితమ్మ పేరు మళ్ళీ పుస్తకంలోకి ఎక్కింది.

ఆ మాట చెప్పడానికి ఫీబీయే వచ్చింది. తబితమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఈ ముక్క మా అమ్మ బతికుండగా నీకెందుకు తోచలేదు?"

"తోచలేదు తబితా. తోచాల్సింది" అని ఫీబీ తలవంచుకుంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు తబితమ్మ ప్రతి ఆదివారం ముందు బల్ల మీద, ఒకప్పుడు తల్లి కూర్చున్న చోటు పక్కనే కూర్చుంది. చివరికి మంచాన పడినప్పుడు, సభవాళ్ళు వచ్చి తల్లి సమాధి పక్కన చోటు శుభ్రం చేయించామని చెప్పారు.

"అమ్మ పక్కన కూర్చున్నాను, అది చాలు. నన్ను తోటలో ఆయన పక్కనే పెట్టండి. తొమ్మిదేళ్ళుగా ఒక్కడే ఉన్నాడు, ఏమేం పాడుచేసి పెట్టాడో ఏమో, నేను వెళ్ళి చూసుకోవాలి" అంది తబితమ్మ.

కథేమో కంచి దారి పట్టింది,
మనమేమో ఇంటి దారి పట్టాం,
నీ కళ్ళింక నిద్ర దారి పట్టాలి.