పెద్దాయన సోఫా

ఆ అపార్టుమెంటు మొత్తానికి తెలివైన ఇల్లు తమదేనని పానకాలుకి గట్టి నమ్మకం. భార్య త్రివేణి, బావమరిది సింహాద్రి కూడా అదే మాట అనేవాళ్ళు కాబట్టి ఇక అనుమానమే లేదు.

ఆదివారం సాయంత్రం ఆఫీసు మేనేజరు టీకి వస్తానన్నాడు. ఆయనకి పాతకాలపు సోఫాలంటే ప్రాణం. ఆయన మెచ్చుకుంటే ప్రమోషన్ ఖాయమని పానకాలు ఆశ. సిటీలో గొప్పోళ్ళ ఇళ్ళన్నీ ఇప్పుడు తాతల నాటి కుర్చీలతోనే కదా వెలిగిపోతున్నాయి! అంతే, ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు వాచ్‌మన్‌కి ఇచ్చేసి, పాత సామాన్ల కొట్టు నుంచి ఎనభై ఏళ్ళ నాటి టేకు సోఫా మోయించుకొచ్చాడు. కొట్టాయన ఒక్కటే చెప్పాడు.

"దీన్ని మీ ఇంట్లో పెద్దాయనలా చూసుకోండి."

ఇంకేముంది, అలాగే చూసుకున్నారు. పెద్దాయన ఎదుట కూర్చుంటే ఏం మర్యాద? మూడు రోజులు ముగ్గురూ నిలబడే తిన్నారు, నిలబడే టీవీ చూశారు. పానకాలు కాళ్ళు వాచిపోయాయి పాపం. పెద్దదిక్కు ఉన్న ఇంట్లో ఆమాత్రం తప్పదులే అని సర్దుకున్నాడు.

శనివారం త్రివేణి సోఫాకి నువ్వులనూనె పట్టించి తలంటు పోసింది. తల ఎటుందో తెలియక రెండు వైపులా పోసింది. తడిసిన సోఫా కిర్రుకిర్రుమంది. దగ్గు పట్టుకుందన్నాడు సింహాద్రి. అంతే, మిరియాల కషాయం కాచి మెత్తల సందుల్లో గరిటెతో పోశారు. ముందుకాలు ఊగుతోంది, మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నారు. మందు రాయబోతే మేకు చేతికి తగిలింది. అయ్యో, ముల్లు గుచ్చుకుని ఎన్నేళ్ళు బాధపడ్డాడో అని పానకాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ మేకు పీకేసి గుడ్డ కట్టాడు.

ఆదివారం మేనేజరు రానే వచ్చాడు. సోఫా చూసి మురిసిపోయి, వీళ్ళు వద్దు వద్దనేలోపే కూలబడ్డాడు. ఫెళ్ళుమని కాలు విరిగింది. సోఫాదీ, ఆయనదీ కూడా. ఎముకల ఆస్పత్రికి పోవాలి, ఏదో ఒక బండి పట్టుకు రమ్మని ఆయన మూలిగాడు. పానకాలు పరుగున పోయి ట్రాలీ ఆటో తెచ్చాడు. ముగ్గురూ కలిసి సోఫాని ఎక్కించారు. ఇక పక్కన నిలబడేంత చోటు తప్ప మిగల్లేదు.

మెట్ల దాకా పాక్కుంటూ వచ్చి చతికిలబడిన మేనేజరు, మరి నా సంగతేంటయ్యా అన్నాడు.

పానకాలు చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "మీరు చిన్నవారు సార్, కాస్త ఓర్చుకోండి. ముందు పెద్దాయనకి కట్టు కట్టించుకొస్తాం."

ఆటో కదిలింది. పెద్దాయన పక్కన ముగ్గురూ నిలబడే వెళ్ళారు. పెద్దలంటే తమకెంత గౌరవమో మేనేజరు కళ్ళారా చూశాడు, ఇక ప్రమోషన్ ఎక్కడికి పోతుందని దారంతా పానకాలు ఒకటే సంబరం.