వరాలుకు వచ్చిన ఇరవై తొమ్మిది

అనగనగా ఒక అడవిలో ఒక బడి. ఆ బడిలో పదో తరగతి కూడా ఉంది. పదో తరగతి ఉన్నచోట భయం ఉండకుండా ఉంటుందా?

వరాలు అనే కుందేలుపిల్లకు ఆ భయం కొంచెం ఎక్కువ. దానికి వైద్యం నేర్చుకోవాలని ఆశ. పెద్ద పరీక్షలో అరవై మార్కులు వస్తేనే ఏటి అవతల మూలికల కాలేజీలో సీటు.

ఏదుపంది మాస్టారు పెద్ద పరీక్షకు ముందు మూడు నమూనా పరీక్షలు పెడతారు. అవే ప్రశ్నపత్రాలు కొండ అవతలి బడిలో ఒకరోజు ముందే ఇస్తారు. ఆ సంగతి కాకికి తెలుసు.

మొదటి పరీక్షకు ముందురోజు కాకి వచ్చి వాలింది.

"ఏమే వరాలూ, పేపరు తెచ్చాను. కావాలా?"

వరాలు తీసుకుంది. జవాబులు బట్టీ పట్టింది. తొంభై రెండు వచ్చాయి.

రెండోసారీ అంతే. తొంభై ఐదు. వాళ్లమ్మ అడవంతా తిరిగి చెప్పుకొచ్చింది. మాస్టారు కూడా మురిసిపోయి, "సాయంత్రం స్పెషల్ క్లాసు వెనకబడ్డవాళ్లకి. నీకెందుకమ్మా, ఇంటికి వెళ్లు" అన్నారు.

ముప్పై ఒక్క మార్కులు తెచ్చుకున్న తాబేలు ఆ క్లాసుకు వెళుతూ, "నీకేమే, మహారాణివి" అంది.

వరాలుకు నవ్వు రాలేదు. కిటికీ పక్కన నిలబడి వింది. లోపల చెబుతున్న లెక్క ఒక్కటీ అర్థం కాలేదు. పెద్ద పరీక్ష అన్ని బళ్లకూ ఒకేరోజు. దాని పేపరు ఏ కాకీ ముందుగా తేలేదు. ఆ రోజు తనేం రాస్తుంది?

మూడోసారి కాకి వచ్చింది. "ఈసారి నూటికి నూరు కొట్టు."

"వద్దు. తీసుకుపో."

"పిచ్చిదానా, మీ అమ్మకేం చెబుతావే?"

"అదే తెలియడం లేదు" అంది వరాలు.

మర్నాడు పరీక్షకు కూర్చుంది. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. గంట కొట్టేసరికి సగం కాగితాలు ఖాళీ. ఇరవై తొమ్మిది వచ్చాయి.

"ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు మాస్టారు.

"బాగానే ఉందండి. ముందు రెండుసార్లు వచ్చినవి నా మార్కులు కావండి." కాకి సంగతి మొత్తం చెప్పేసింది.

మాస్టారు వరాలు జవాబు కాగితాలు మళ్లీ ముందు పెట్టుకున్నారు. తర్వాత తన ముల్లు ఒకటి ఎర్రసిరాలో ముంచి, తప్పు జరిగిన ప్రతిచోటా గీత గీశారు.

"ముందే చెప్పి ఉంటే నెల మిగిలేది. ఇప్పుడు పద్దెనిమిది రోజులే ఉన్నాయి. వెళ్లి తాబేలు పక్కన కూర్చో."

ఇంట్లో చెబితే అమ్మ రెండు రోజులు బొరియ దాటి బయటికి రాలేదు. మూడోరోజు నుంచి తెల్లవారుజామునే లేపి, ఆ ఎర్రగీతలు ముందు పెట్టి కూర్చోబెట్టింది.

పెద్ద పరీక్ష అయింది. ఫలితాలు వచ్చాయి. తాబేలుకు డెబ్బై నాలుగు. వరాలుకు అరవై ఒకటి. మూలికల కాలేజీలో సీటు దక్కింది.

పక్క బొరియలో ఉండే ముంగిస ఊరుకుంటుందా? "తొంభై ఐదు అన్నావు కదా వదినా. అరవై ఒకటేనా?"

"అరవై ఒకటే వదినా" అంది వాళ్లమ్మ. "ఈసారి మొత్తం దానివే."

నీతి: నమూనా పరీక్ష మన తప్పులు మనకు చూపించడానికి. అక్కడ వాటిని దాచుకుంటే, దిద్దుకునే వీల్లేని చోట బయటపడతాయి.