పొజ్జమ్మ ఇప్పచెట్టు, గబ్బిలాల చుట్టరికం

అనగనగా, గోదారి ఆవల అడవి అంచున ఒక ఊళ్ళో పొజ్జమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. ఆమెకు ఉన్నదల్లా ఒక్క ఇప్పచెట్టు. దాని పూలు ఎండబెట్టుకుంటే వానాకాలానికి తిండి. దాని గింజల నూనె దీపానికీ, కూరకీ.

ఎండలు మొదలవగానే ఆ చెట్టు ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూసేది. మీగడ రంగు పూలురా కన్నా, నోట్లో వేసుకుంటే తేనే. అడవంతా ఆ వాసనకు మత్తుగా తూగేది. తెల్లారేసరికి పూలు టపటపా రాలేవి. ఎవరి చెట్టు కింద వాళ్ళు ఊడ్చుకుంటే, ఆ ఊడ్చిన నేల మీద పువ్వు ఇంకొకరు ముట్టకూడదని ఆ ఊరి కట్టుబాటు.

ఆ ఏడు పొజ్జమ్మ బుట్ట సగమే నిండింది. పక్క చెట్టు బుచ్చక్క బుట్ట మాత్రం పొర్లిపోతోంది. పొజ్జమ్మకు అనుమానం పుట్టింది.

"ఏం వదినా, నీ బుట్టకు చేతులొచ్చాయా ఏంటి?"

"నా చెట్టు పెద్దది వదినా. బుట్టనెందుకు ఆడిపోసుకుంటావు?"

అంటూ బుచ్చక్క నవ్వింది. ఆ నవ్వు చూస్తే పొజ్జమ్మకు అనుమానం ఇంకా ముదిరింది. అప్పుడు పొజ్జమ్మ చెట్టు చుట్టూ బూడిద చల్లింది. పొద్దున చూస్తే మనిషి అడుగు లేదు, జింక గిట్టలున్నాయి. బుచ్చక్కే జింకను మచ్చిక చేసి తోలిందేమో అనుకుంది.

ఆ తర్వాత ముళ్ళకంప కట్టింది. జింక రాలేదు. అయినా బుట్ట నిండలేదు. కింద చూస్తే నమిలి ఊసిన పూల పిప్పి. తలెత్తి చూస్తే కొమ్మల నిండా గోళ్ళ గీతలు.

"గబ్బిలాలా మీరు? చెబుతా మీ పని."

అప్పుడు పాత డబ్బాలు తెచ్చి కొమ్మలకు వేలాడగట్టింది. సందె పడితే కింద పచ్చాకు పొగ పెట్టింది. బుచ్చక్క వచ్చి, "వాటిని తరమకు వదినా, పాపం" అంది. పొజ్జమ్మ కళ్ళు చిన్నవి చేసింది. వద్దంటోందంటే ఇందులో ఏదో మతలబు ఉంది అనుకుని, ఇంకో డబ్బా కట్టింది.

గబ్బిలాలు బుచ్చక్క చెట్టుకు పోయాయి. పొజ్జమ్మ బుట్ట నిండింది. ఆమె సంతోషం చూడాలి.

ఆ తర్వాత చెట్టుకు రాగి రంగు చిగుళ్ళొచ్చాయి. కాయల కాలం వచ్చింది. బుచ్చక్క చెట్టు పచ్చటి కాయలతో వంగిపోయింది. పొజ్జమ్మ చెట్టుకు అక్కడొకటి, ఇక్కడొకటి. నూనె ఎక్కడిది? వానాకాలమంతా చీకటేనా? పొజ్జమ్మ నేరుగా బుచ్చక్క దగ్గరికి పోయింది.

"నా కాయలు కోశావు కదూ?"

బుచ్చక్క నొచ్చుకుంది. అయినా చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయింది. "చూడు, తొడిమ తెగిన గుర్తుందా ఎక్కడైనా? అసలు కాయే కట్టలేదు. గబ్బిలం మూతికి పుప్పొడి అంటుకుని పూవు పూవుకీ చేరితేనే కదా కాయ. పెళ్ళి చేసే పూజారి నాలుగు మెతుకులు తింటే దొంగ అంటారటే?"

సాయంత్రం బుచ్చక్క ఒక చేట గింజలు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎందుకిస్తోందా అని పొజ్జమ్మ చేటను అటూ ఇటూ తిప్పి చూసింది. పుచ్చు గింజ ఒక్కటీ లేదు. సిగ్గుపడి తీసుకుంది.

మళ్ళీ పూలకాలం వచ్చింది. పొజ్జమ్మ డబ్బాలన్నీ విప్పేసి, సందెవేళ చెట్టు కింద కూర్చుంది. ఆకాశం ఎర్రబడింది, మసకబడింది. ఒక్క గబ్బిలమూ రాలేదు. పొజ్జమ్మకు మళ్ళీ మొదలైంది.

"వదినా, నా గబ్బిలాలకు మరుగుమందు పెట్టావు కదూ?"

పక్క చెట్టు కింద బుచ్చక్క పడీపడీ నవ్వుతుంటే, నల్లటి రెక్కలు గుంపుగా వచ్చి పొజ్జమ్మ చెట్టు మీద వాలాయి. పొజ్జమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంత ఆలస్యమా? ఎక్కడ తిరిగొస్తున్నారు మీరు?" అని వాటిని నిలదీసింది.

పువ్వు నేలకు, కాయ కొమ్మకు,
కథ కంచికి, కునుకు కంటికి.