చేయి మారిన ప్రధానపుటుంగరం

అనగనగా ఒక రేవు. రేవులో రాజూ మంత్రీ ఉండరు మరి. పడవలుంటాయి, ఉప్పు బస్తాలుంటాయి, పొద్దస్తమానం గట్టిగా మాట్లాడే మనుషులుంటారు. రాజే కావాలని మారాం చేసే పిల్లలు లేచి ఇంకో కథకి పోవచ్చు. ఉండేవాళ్లు ఇటు జరిగి కూర్చోండి.

ఆ రేవు పేరు పగడాలరేవు. అక్కడ సింహాద్రి అనే యువకుడు కొబ్బరిపీచు నానబెట్టి, దంచి, పేని, పడవలు కట్టే మోకులు తయారుచేసేవాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనత్త అచ్చియ్యమ్మ పెంచింది. చేతుల నిండా కాయలు. మాట మాత్రం మెత్తన.

ఆ రేవులోనే వీరమల్లు అనే పడవల ఆసామి ఉన్నాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు నాంచారి. సింహాద్రి మోకులు తెచ్చినప్పుడల్లా లాగి చూసి, మంచీ చెడ్డా చెప్పి తీసుకునేది ఆమే. అలా చూడగా చూడగా ఇద్దరికీ మనసు కలిసింది. ఇందులో వింతేముంది, రోజూ చూసుకునే మనుషులే కదా.

సంగతి వీరమల్లుకు తెలిసింది. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకున్నదల్లా పరువు పిచ్చి. సింహాద్రిని పిలిపించి అన్నాడు.

"పిల్లనిస్తాను. కానీ పడవల ఆసాముల ఆడపిల్లలందరి వేలికీ భద్రాచారి చేసిన ఉంగరమే ఉంది. నా కూతురి వేలు బోసిగా ఉండకూడదు. వచ్చే పున్నమికి ప్రధానం. ఆ ఉంగరం తెస్తే తాంబూలాలు పుచ్చుకుంటాను. తేలేకపోతే కలప వర్తకుడి కొడుకు కాచుకుని ఉన్నాడు."

భద్రాచారి అంటే అల్లాటప్పా కంసాలి కాదు నాయనా. ఆయన చేసిన ప్రతి ఉంగరం లోపలా ఆవగింజంత శంఖం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కోసం ఓడలెక్కి వచ్చి మరీ ఆయన అరుగు మీద పడిగాపులు పడేవారు. సింహాద్రి తన గుడిసెనూ, పీచునూ, చివరికి తననూ కలిపి అమ్ముకున్నా కొత్త ఉంగరం రాదు. పాపం, వాడికి ఆ పూట అన్నం సయించలేదు.

నాంచారి మాత్రం దిగులుపడుతూ కూర్చునే రకం కాదు. ఉప్పు కొనడానికి వెళ్లినప్పుడు ఒక మాట ఆమె చెవిన పడింది. ఉప్పుమళ్ల మాణిక్యం దగ్గర భద్రాచారి చేసిన ఉంగరం ఒకటుందట, అమ్ముతుందట. మర్నాడే సింహాద్రిని వెంటబెట్టుకుని వెళ్లింది.

మాణిక్యం పెట్టె తీసింది. రెండు చేపలు ఎదురెదురుగా వంగి నోట ఒక కెంపును పట్టుకున్నట్టుంది ఆ ఉంగరం. నాంచారి దాన్ని వెలుతురుకి పట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఇది నా ప్రధానానికి పెట్టినది" అంది మాణిక్యం. "ఆ పెళ్లికొడుకు లేని పడవలు ఉన్నాయన్నాడు, ఉన్న అప్పులు లేవన్నాడు. పెళ్లికి ముందే బయటపడింది. వద్దు పొమ్మన్నాను. ఉంగరం పట్టుకుపొమ్మని కబురు పెడితే ముఖం చెల్లక రాలేదు. ఇన్నేళ్లూ పెట్టెలో పడి ఉంది. ఇప్పుడు నాకు ఎద్దుల జత కావాలి. ఉంగరం ఉప్పు బండి లాగదు కదా."

ఎద్దుల జత ఖరీదంటే సింహాద్రి కూడబెట్టుకున్న దానితో సరిపోతుంది. వాడి ముఖం వెలిగింది.

"ఒక్క షరతు" అంది మాణిక్యం. "ఎక్కడిదని ఎవరైనా అడిగితే దాచకండి. అబద్ధంతో నా పెళ్లి చెడింది. ఇంకో అబద్ధానికి నా ఉంగరం తోడు పోకూడదు."

ఇద్దరూ సరేనన్నారు. ఉంగరం నాంచారి వేలికి కాస్త వదులైంది. ఆమె ఎర్రదారం లోపలివైపు చుట్టి చూసుకుంది. అతికినట్టు సరిపోయింది.

నిజమైనదో కాదో తేల్చుకోవాలి కదా. సింహాద్రి దాన్ని భద్రాచారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆచారి చూస్తూనే కళ్లకద్దుకున్నాడు.

"నా చేతిదే నాయనా. ఇంత సన్నని పని ఇప్పుడు నా కళ్లకు ఆనదు. కుంకుడు నీళ్లలో కడిగి, మెరుగు పెట్టి, పట్టు సంచిలో వేసి ఇస్తాను. కొత్తదని చెప్పుకో. నేను కాదనను."

ఆయన మంచికే అన్నాడు. ఊళ్లో నోళ్లు ఎలాంటివో ఆయనకు తెలుసు.

"మెరుగు పెట్టండి చాలు ఆచారిగారూ" అన్నాడు సింహాద్రి. "పాతదాన్ని కొత్తదని చెప్పలేను."

ఇంటికొస్తే మేనత్త అచ్చియ్యమ్మ ఇంకో ఉపాయం వండి పెట్టుకుని కూర్చుంది.

"ఒరే సింహాద్రీ, మా అత్తగారిదని చెప్పరా. తరతరాల సొత్తంటే గౌరవంగా ఉంటుంది. ముసలావిడ ఎప్పుడో పోయింది, లేచొచ్చి కాదంటుందా?"

"అత్తా, ఆవిడకి వెండి మట్టెలకే గతి లేదని నువ్వే కదా చెప్పేదానివి?"

అచ్చియ్యమ్మ మూతి ముడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

ఇక అసలు మనిషి మిగిలాడు. ప్రధానం రెండు రోజులుందనగా సింహాద్రి తానే వెళ్లి వీరమల్లుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన తల పట్టుకున్నాడు. చెడిన సంబంధం ఉంగరం నా కూతురికా అని చిందులు తొక్కాడు. పందిరి వేయించాడు, పిలుపులు అయిపోయాయి, ఏం చేస్తాడు? చివరికి గొంతు తగ్గించి అన్నాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. పందిట్లో కొత్తదని ఒక్క మాట అను. నా పరువు నిలబడుతుంది, నీకు పిల్ల దక్కుతుంది. లేదంటే వచ్చిన తాంబూలం వచ్చినట్టే వెనక్కి పోతుంది."

పిల్లలూ, ఇది వినండి. సింహాద్రికి భయం వేసింది. ఒక్క మాట. నాలుక ఒకసారి కదిపితే నాంచారి తనది. కదపకపోతే కలప వర్తకుడి కోడలు. దారి పొడుగునా అదే తలపు వాడిని తినేసింది. గట్టు మీద నాంచారి ఎదురైతే ఉన్నది చెప్పాడు.

"మీ నాన్న పొమ్మంటే?" అన్నాడు.

"అడుగుతూనే ఉంటాను, ఒప్పుకునేదాకా. నేను వేరేవాడి ఉంగరం తొడుక్కోను. నువ్వు మాత్రం మాట మార్చకు" అంది నాంచారి.

పున్నమి నాడు పందిరి కిటకిటలాడింది. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. ప్రధానపుటుంగరాన్ని పళ్లెంలో అక్షతల మీద పెట్టి ముత్తయిదువుల మధ్య తిప్పుతారు. ఒక్కొక్కరూ తాకి దీవిస్తారు. ఆ తర్వాతే పెళ్లికూతురి వేలికి. పళ్లెం తిరుగుతూ తిరుగుతూ కలప వర్తకుడి భార్య దగ్గర ఆగిపోయింది.

"ఈ చేపల ఉంగరం ఉప్పుమళ్ల మాణిక్యానిది కదూ?" అందావిడ, అందరికీ వినపడేలా. "ఎవతో విడిచేసిన ఎంగిలి ఉంగరమా వీరమల్లుగారి అమ్మాయికి?"

గుసగుసలు లేచాయి. వీరమల్లు ముఖం కందగడ్డ అయింది. సింహాద్రి వైపు తిరిగి, బతిమాలుతున్నట్టే అన్నాడు. "కొత్తదే కదా నాయనా. చెప్పు వాళ్లకి."

సింహాద్రి లేచి నిలబడ్డాడు. "కాదండి. మాణిక్యమ్మగారి దగ్గర కొన్నాను. చేసింది మాత్రం ఆచారిగారే."

వీరమల్లు తాంబూలం పళ్లెం వెనక్కి నెట్టాడు. సన్నాయి ఆగింది. అచ్చియ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నాంచారి పీట మీంచి లేచింది. పెళ్లికూతురు ప్రధానంలో నోరు విప్పడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

"ఆచారిగారూ, ఒక్క మాట. కొత్త ఉంగరాలు మీరు ఏ బంగారంతో చేస్తారు?"

ముందు వరుసలో కూర్చున్న భద్రాచారి సర్దుకున్నాడు. "మూసలో కరిగించిన బంగారంతోనమ్మా."

"ఆ మూసలోకి ఏం వస్తుంది?"

"ఏముంటుంది తల్లీ. తెగిన గొలుసులు, వంగిన గాజులు, ఒంటి కమ్మలు. జనం తెచ్చి ఇచ్చేవే."

"అవి ఎవరివి? ఎవరు సుఖపడ్డారో, ఎవరు ఏడ్చి అమ్ముకున్నారో మీకు తెలుసా?"

"ఎలా తెలుస్తుందమ్మా. అన్నీ ఒకటిగా కరిగిపోతాయి. బంగారానికి ఎంగిలి లేదు."

పందిట్లో ఆడవాళ్లందరూ ఒక్కసారి తమ వేళ్ల వంక చూసుకున్నారు. కలప వర్తకుడి భార్య చెయ్యి మెల్లగా కొంగు చాటుకు వెళ్లింది.

"నా ఉంగరం ఎవరిదో నాకు తెలుసు" అంది నాంచారి. "అబద్ధాన్ని కనిపెట్టి, వద్దు పొమ్మని, తలెత్తుకు బతికిన మనిషిది. నాకు ఇంతకన్నా మంచి శకునం అక్కర్లేదు."

అయినా వీరమల్లు కదల్లేదు. పరువు అంత తొందరగా కరుగుతుందా మరి. సింహాద్రినే నిలదీశాడు.

"ఒక్క మాట అంటే పిల్ల నీదయ్యేది. నేనే అనమన్నాను. తప్పు నా మీదే పోయేది. అయినా అనలేదే, నా కూతురు అంత అలుసా నీకు?"

సింహాద్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించాడు.

"అలుసు కాదండి. నేను పేనిన మోకు మీదే మీ పడవలు గాలివానలో నిలబడతాయి. లోపల కుళ్లిన పీచు పెట్టి పైన కొత్త పీచు చుడితే మీరు కనిపెట్టలేరు. తుఫాను కనిపెడుతుంది. ఇవాళ మీ అమ్మాయి కోసం అబద్ధమాడటం అలవాటు చేసుకుంటే, రేపు ఆమె ఎక్కిన పడవకి నేనిచ్చే మోకు ఎలాంటిదో మీరు నమ్మగలరా?"

వీరమల్లు జీవితమంతా పడవల మీద బతికినవాడు. తెగిన మోకుకి ఎంత ఖరీదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన లేచాడు. కలప వర్తకుడి భార్య ఒడిలోంచి ఉంగరం పళ్లెం తీసుకున్నాడు. ఉంగరాన్ని తన కళ్లకద్దుకుని సింహాద్రి అరచేతిలో పెట్టాడు.

"తొడుగు అల్లుడూ" అన్నాడు.

నాంచారి అప్పటికే వేలు చాపి నిలుచుంది. వాడు తొడిగాడు. సన్నాయి మళ్లీ అందుకుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

కనుక పిల్లలూ, సొమ్ము ఎన్ని చేతులు మారినా దాని విలువ తరగదు. మనిషి ఒక్కసారి మాట మారిస్తే మాత్రం ఆ మనిషి విలువను ఏ కంసాలీ తిరిగి మెరుగు పెట్టలేడు.