నిద్రగన్నేరు తలుపులేసుకుంది

ఒకప్పుడు నిద్రగన్నేరు చెట్టుకు రాత్రీ పగలూ ఒకటే. ఆకులు ఎప్పుడూ బార్లా తెరుచుకునే ఉండేవి. అవునర్రా, ఇవాళ పొద్దు వాలగానే ముడుచుకుపోతుందే, ఆ చెట్టే. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

దానికున్న జబ్బల్లా ఒక్కటే, మొహమాటం. ఎవరినీ పొమ్మనలేదు. చీకటి పడగానే మిణుగురులు వచ్చి కొమ్మకొమ్మకీ మిలమిలా వెలిగేవి. వాటి వెనకే గబ్బిలం దిగేది. తలకిందులుగా వేలాడుతూ ఊళ్ళో కబుర్లన్నీ విప్పేది. "ఇంకొక్క కబురు, అంతే" అనేది. ఆ ఒక్కటీ తెల్లారేదాకా సాగేది. కళ్ళు మూతలు పడుతున్నా చెట్టు "ఊఁ, తరవాత?" అంటూనే ఉండేది. మీలో ఒకడు దుప్పటి కింద సెల్లు వెలిగించి ఇలాగే "ఇంకొక్కటి" అంటాడు. పేరు చెప్పన్లెండి.

మరి పగలో? పగలంతా కునికిపాట్లే. నీడ ఇవ్వాల్సిన కొమ్మలు అటు తూగేవి, ఇటు తూగేవి. కింద పడుకున్న ఆవుకు ఒక్క క్షణం నీడ నిలిచేది కాదు. "దీనికేం మాయరోగం" అని అది లేచి పోయేది.

ఆ చెట్టుమీద ఒక గువ్వ గూడు పెట్టుకుంది. గువ్వ గూడు సంగతి తెలుసుగా, అడ్డదిడ్డంగా నాలుగు పుల్లలు, అంతే. అందులో దాని పిల్లలు రెండు. వాటికింకా ఈకలు కూడా రాలేదు. ఒక మధ్యాహ్నం చెట్టు కునికింది. కొమ్మ వాలింది, గూడు ఒరిగింది, చిన్నపిల్ల జారి అంచుదాకా వచ్చేసింది. గువ్వ రివ్వున వచ్చి రెక్క అడ్డం పెట్టి లోపలికి నెట్టింది.

"చెట్టుతల్లీ, వీళ్ళకు రెక్కలైనా రాలేదు. వీళ్ళను పెట్టుకుని ఎక్కడికి పోను?" అని ఏడ్చింది గువ్వ.

చెట్టుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "నాకు నిద్ర లేదమ్మా. ఆ నిద్రమ్మ నావైపే చూడదు" అంది.

నిద్రమ్మ అంటే మీకు తెలిసినావిడే, రోజూ మీ కళ్ళమీద చెయ్యి వేసి పోయే ఆవిడ. సాయంత్రం ఆవిడ అటుగా వస్తుంటే గువ్వ దారికడ్డంగా వాలింది. "మా చెట్టు దగ్గరికి ఎందుకు రావు?" అని నిలదీసింది.

"రాకేం? రోజూ వస్తూనే ఉన్నా" అంది నిద్రమ్మ. "వచ్చి చూస్తే దీపాలు, కబుర్లు, కిలకిలలు. సంత జరుగుతున్న చోట నాకేం పని? అదిగో, ఆ గవరమ్మను చూడు."

గవరమ్మది చెట్టుకు ఎదురుగా బెల్లం కొట్టు. పొద్దు వాలుతోంది కదా, ఆవిడ కొట్టు ముందు తలుపు చెక్కలు ఒక్కొక్కటే నిలబెట్టి బిగిస్తోంది. ఇంతలో ఒకాయన ఆయాసపడుతూ వచ్చాడు.

"గవరమ్మొదినా, ఒక్క బెల్లం ముక్క."

"కొట్టు కట్టేశా మరిదీ. పొద్దున్న రా."

"ఇంకా చెక్క మిగిలే ఉందిగా."

"నీకోసం ఆగితే ఊరంతటికోసం ఆగాలి. వెళ్ళిరా బాబూ" అంది నవ్వుతూనే. ఆఖరి చెక్క కూడా బిగించేసింది. కాళ్ళు కడుక్కుని, దీపం తగ్గించి, చాప పరుచుకుంది. నిద్రమ్మ తిన్నగా ఆ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

గువ్వ చూసింది. చెట్టూ చూసింది. "ఓసి, ఇంతేనా! నాకు చెక్కలు లేకపోతేనేం, ఆకులున్నాయిగా" అనుకుంది చెట్టు.

మర్నాడు పొద్దు వాలగానే ఎదురెదురుగా ఉన్న చిట్టి ఆకుల్ని జతజతగా దగ్గరికి చేర్చి మూసేసింది. గబ్బిలం వచ్చి బిత్తరపోయింది.

"అప్పుడేనా? నన్ను చూసి మొహం చాటేస్తావా? అసలు కబురు ఇవాళే తెచ్చాను" అంది.

చెట్టుకు ప్రాణం లాగింది. ఒక ఆకు కాస్త తెరవబోయింది కూడా. అంతలో గూట్లో చిన్నపిల్ల కదిలింది. చెట్టు ఆ ఆకు గట్టిగా మూసేసింది.

"పగటిపూట రా, గబ్బిలం బావా. తీరిగ్గా వింటాను" అంది.

పగటిపూట గబ్బిలం ఎక్కడొస్తుంది? అలిగి పోయింది. మిణుగురులు కూడా కాసేపు చుట్టూ తిరిగి పొదల్లోకి వెళ్ళిపోయాయి.

నిద్రమ్మ మాత్రం వెంటనే రాలేదు. ఆవిడకు నమ్మకం కుదరాలిగా! "ఇవాళ మూసి రేపు తెరుస్తావేమో" అని దూరంనుంచే చూసి పోయింది. చెట్టు మంకుపట్టు పట్టింది. రోజూ అదే వేళకు మూయడమే. చివరికి ఒక సాయంత్రం నిద్రమ్మ వచ్చి దాని నెత్తిన చెయ్యి వేసింది. ఎంత హాయిగా నిద్రపోయిందనుకున్నారు!

ఆ తరవాత పగలు కొమ్మ తూగలేదు, గూడు ఒరగలేదు. పిల్లలకు ఈకలొచ్చాయి, రెక్కలొచ్చాయి. రెండూ ఎగిరి గవరమ్మ కొట్టు కప్పుమీద వాలిన రోజున చెట్టు సంతోషం పట్టలేక ఒళ్ళంతా పూసింది.

అప్పటినుంచే నిద్రగన్నేరు పొద్దు వాలగానే ఆకులు మూసుకుంటుంది. మబ్బు కమ్మితే పట్టపగలే సాయంత్రమైందనుకుని గబగబా మూసేస్తుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ అనుకుంటుంది. ఏటా ఏదో ఒక గువ్వ దాని కొమ్మమీద నాలుగు పుల్లలు పేర్చి, పిల్లల్ని దానికి వదిలేసి, ధైర్యంగా మేతకు పోతుంది.