సభకు వచ్చిన బడి బెత్తం

నల్లకోన రాజు కేసరివర్మకు ఆ ఏడు చిలకల పిచ్చి పట్టుకుంది. అంతకుముందు ఏడు పొట్టేళ్ల పిచ్చి. అది వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే ఇది వచ్చిపడింది. పంజరాలకు కోటలో చోటు చాలక, చిలకలకు విడిగా ఒక ఇల్లు కావలసి వచ్చింది.

ఆస్థాన పండితుడు ధీరభట్టు వెంటనే దారి చూపించాడు. కోట గుమ్మానికి ఎదురుగా వీరేశం పంతులు వీధిబడి ఉంది. ఒకప్పుడు పిల్లలతో కిటకిటలాడేది. ఇప్పుడు ఒక్క చాప పరిస్తే అందరూ దాని మీదే సరిపోతున్నారు.

"మనుషులు రాని చోటికి తాళం వేయడమే రాజనీతి ప్రభూ" అన్నాడు భట్టు.

రాజు సరేనన్నాడు. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే మాట్లాడవచ్చునన్నాడు గాని, చదువు గొప్పతనం మీద ఉపన్యాసం మాత్రం వద్దన్నాడు. దాంతో పండితులందరి నోళ్లూ మూతపడ్డాయి.

సింహాసనం వెనక తమలపాకులకు సున్నం రాస్తున్న పేరిందేవి చెయ్యి ఆగిపోయింది. రాజు పాలపళ్ల నాటి నుంచీ ఆ ఇంట ఉన్న మనిషి ఆమె. ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. మొన్న ఒకే ఆకుకు రెండుసార్లు సున్నం రాసిచ్చింది, రాజుగారి నాలుక పొక్కింది. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా పేరిందేవే నవ్వింది, లోపల మాత్రం గుండె జారిపోయింది. ఇవాళ సున్నం, రేపు మనుషుల పేర్లు. అందుకే తలలో నిలవనిది తాటాకుకు అప్పజెబుదామని, ఎవరికీ చెప్పకుండా ఆ బడిలో చేరి పిల్లల వెనక కూర్చుంటోంది.

ఇప్పుడు ఆ చోటు చిలకలదవుతుందట. న్యాయమేననిపించింది ఆమెకు. చిలక రోజుకు నాలుగు మాటలు నేర్చుకుంటుంది, తను నాలుగు రోజులకొక అక్షరం.

కాని బడి ఎందుకు పలచబడిందో ఆమెకు తెలుసు. అక్కడొక ఆచారం ఉంది. పొద్దున్నే ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు 'శ్రీ' రాస్తాడు. రెండోవాడికి చుక్క పెడతాడు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, తరవాతివాడికి రెండు, ఆ తరవాత మూడు, అలా పెరుగుతూ పోతుంది. ఆఖరున వచ్చినవాడి చెయ్యి బూరెలా పొంగుతుంది. మర్నాడు వాడు రాడు. అప్పుడు వాడి ముందువాడు ఆఖరివాడవుతాడు. బడి అలా తోక నుంచి అరిగిపోతోంది.

ఇదంతా ఆమెకు కనబడింది తెలివి వల్ల కాదు, రోజూ తోకలో ఉండటం వల్ల. రాజుగారి తాంబూలం అయ్యాకే కదా ఆమె బడికి వెళ్లేది. పెద్దమనిషిని కొట్టలేక ఆమె దెబ్బలు పంతులు స్తంభానికి వేసేవాడు. ఆ బడిలో ఎక్కువ చదువు అబ్బింది ఆ స్తంభానికే అయి ఉంటుందని ఆమె నమ్మకం. ఈ ఆచారం మానరాదా అని ఒకసారి అడిగితే, తాతల నాటిది ఎలా మానతానన్నాడు పంతులు.

ఇదే రాజుతో చెబితే, రాసిన సున్నం మరిచేవాళ్లకు బడి సంగతులు గుర్తున్నాయా అంటాడు భట్టు. అందుకని వేరే దారి పట్టింది.

"బడి ఎలాగూ మూస్తున్నారు ప్రభూ. అందులో మంచి పద్ధతి ఒకటుంది, దాన్ని సభకు తెచ్చుకోండి. ఆలస్యంగా వచ్చేవాళ్లు దారికొస్తారు" అని శ్రీ, చుక్క, బెత్తం సంగతి చెప్పింది.

సభ నిండేదాకా రోజూ తెర వెనక నిలబడి కాళ్లు పీకే రాజుకు ఆ మాట తేనెలా తోచింది. రేపటి నుంచే అన్నాడు. శ్రీ తనకు తప్ప ఇంకెవరికి దక్కుతుందని భట్టు మీసం సవరించుకున్నాడు.

మర్నాడు వీరేశం పంతులు బెత్తంతో సభ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కోటలోనే పడుకునే పేరిందేవికి శ్రీ దక్కింది. చన్నీళ్ల స్నానం చేసి వణుకుతూ వచ్చిన ధీరభట్టుకు చుక్క పడింది. సేనాపతికి ఒక దెబ్బ తగిలింది. యుద్ధంలో కత్తిపోటుకు చలించని ఆ మహావీరుడు అరచెయ్యి ఊదుకుంటూ కూర్చున్నాడు. మెట్లెక్కుతున్న కోశాధికారి అది చూశాడు, ఆయనకు అక్కడికక్కడే కడుపునొప్పి వచ్చింది. ఆయన వెనక వస్తున్నవాళ్లు ఆయన వెనకే తిరిగిపోయారు. ఒకరికి జ్వరమని, ఒకరికి బావమరిది పెళ్లని కబుర్లొచ్చాయి.

తెర వెనక చూసి చూసి, విసిగి, రాజు బయటికి వచ్చాడు. సభ ఏదని అడిగాడు.

"పలచబడింది ప్రభూ" అంది పేరిందేవి. "భట్టుగారి రాజనీతి ప్రకారం తాళం వేయించమంటారా? చిలకలకు ఇక్కడైతే గాలీ వెలుతురూ ఇంకా బాగుంటాయి."

సభ లేకపోతే ధీరభట్టుకు శాలువాలెక్కడివి? గబగబా లేచాడు.

"అదేం మాట అవ్వా? మనుషులు రాకపోతే తప్పు సభదా? తప్పంతా ఆ బెత్తానిది."

అనేశాక, ఆ మాట ఆయన చెవికే చేరింది.

"నేను చెబుదామనుకున్నదీ అదే భట్టుగారూ. నా మతి మీద నమ్మకం లేక మీచేత చెప్పించాను."

రాజు భట్టును చూశాడు, గుమ్మంలోంచి కనబడుతున్న బడిని చూశాడు. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు. ఇంతలో పంతులు నసుగుతూ, ఇవాళ అందరికన్నా ఆఖరున వచ్చింది తమరేనని మనవి చేశాడు. రాజు రెండు చేతులూ ఉత్తరీయంలో దాచుకున్నాడు. సేనాపతి దెబ్బ మరిచిపోయి పకపకా నవ్వాడు.

అక్కడే బెత్తం విరిచేశారు. బడి బడిగానే ఉంటుందని, వచ్చిన ప్రతి పిల్లవాడికీ శ్రీయే రాయాలని ఆజ్ఞ అయింది. చిలకలు భట్టుగారి వసారాకు వెళ్లాయి. రాజు తన బంగారు కడియం తీసి పేరిందేవికి ఇవ్వబోయాడు.

"అది నాకెందుకు ప్రభూ, ఎక్కడో పెట్టి మరిచిపోతాను. రేపటి నుంచి తాంబూలం కాస్త పెందలాడే వేసుకోండి, నేనూ వేళకు బడికి వెళ్తాను."

రాజు తెల్లబోయాడు. "నువ్వు బడికి వెళ్తున్నావా అవ్వా? ఎందాకా వచ్చావు?"

"నిన్న 'ఱ' దాకా వచ్చాను ప్రభూ. పొద్దున లేచి చూసుకుంటే మళ్లీ 'అ' దగ్గరే ఉన్నాను."

రాజు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వి, కడియం తనే ఆమె చేతికి తొడిగాడు.